ఒక ఉత్తరం, ఒక పాత రైలు కట్ట

మా నాయన రైల్వేలో కీమాన్. ఆ పని ఏమిటో ఈనాటి పిల్లలకు చెబితే గాని తెలియదు. భుజాన సుత్తి, పానా, చేతిలో ఎర్రజెండా పట్టుకుని తనకు అప్పగించిన పట్టాల పొడుగునా రోజూ నడవాలి. వదులైన కీలను కొట్టి బిగించాలి. గిద్దలూరులో చదువుకుంటూ మీటర్ గేజి బండి కూతను బట్టి పీరియడ్లు లెక్కపెట్టుకున్న నా తోటివాళ్లకు ఆ మనుషులు గుర్తుండే ఉంటారు.

పన్నెండేళ్ల కిందట అమ్మా నాయనా చికాగో పడమటి శివార్లలో ఉన్న మా ఇంటికి వచ్చారు. ఇంటికి దగ్గర్లో సన్న కంకర పరిచిన నడకదారి ఉంది. పొద్దున్నే ఇద్దరినీ అక్కడికి తీసుకెళ్లేవాణ్ని. రెండో రోజే నాయన ఆగి, ముందుకీ వెనక్కీ చూసి, "ఏమ్రా, ఇది రైలు కట్ట గదరా!" అన్నాడు. ఎట్లా తెలిసిందని అడిగాను. "ఆ వంపు చూడు. మనిషి నడిచే దారి ఇంత పొడుగు వంపు తిరగదు. బండికైతేనే తిప్పుతారు. మిట్ట కోసినారు, పల్లం పూడ్చినారు" అన్నాడు. నేను సివిల్ ఇంజనీరుని. ఆ దారిన ఆరేళ్లుగా నడుస్తున్నాను. ఒక్కనాడూ ఆ ప్రశ్న వేసుకోలేదు.

ఆ సిగ్గుతోనే దాని చరిత్ర చదివాను.

ఆ కట్ట మీద ఎలక్ట్రిక్ రైలు 1902లో మొదలైంది. తర్వాత దానికి చికాగో అరోరా అండ్ ఎల్జిన్ అనే పేరు స్థిరపడింది. పైన తీగలు కాకుండా, చాలా మేరకు పట్టాల పక్కనే మూడో పట్టా వేసి కరెంటు ఇచ్చేవారు. చికాగో నుంచి వీటన్ దాకా ఒకటే లైను. అక్కడ చీలి ఒకటి అరోరాకి, ఇంకొకటి ఎల్జిన్‌కి పోయేది. నగరంలో ఉద్యోగం, శివారులో ఇల్లు అనే జీవితం ఆ ఊళ్లకు ఆ రైలుతోనే అలవాటైంది. తర్వాత కార్లు వచ్చాయి. 1953లో ఎక్స్‌ప్రెస్ హైవే కట్టడం కోసం ఈ రైళ్లను నగర కేంద్రం దాకా రానివ్వకుండా ఫారెస్ట్ పార్క్ దగ్గరే ఆపేశారు. అక్కడ దిగి ఇంకో బండి మారవలసి రావడంతో జనం తగ్గిపోయారు. 1957 జులై 3న కోర్టు అనుమతి రాగానే కంపెనీ మిట్టమధ్యాహ్నం ప్యాసింజరు బండ్లు ఆపేసింది. పొద్దున అదే రైల్లో ఆఫీసుకు పోయినవాళ్లకు సాయంత్రం ఇంటికి రావడానికి రైలు లేదు! 1959లో గూడ్సు కూడా ఆగింది. 1961 నాటికి లైను చట్టప్రకారం మూతపడింది.

అప్పుడు ఆ కట్ట మీద అందరి కన్నూ పడింది. ఊళ్ల నడిబొడ్డున వాహనాలు నిలపడానికి, రోడ్లు వెడల్పు చేయడానికి, పక్క స్థలాలు కలుపుకోవడానికి అంత తేరగా దొరికే నేల ఇంకొకటి లేదు.

1963 సెప్టెంబరు 30న చికాగో ట్రిబ్యూన్ పత్రికలో ఒక పాఠకురాలి ఉత్తరం అచ్చయింది. రాసినామె మే థైల్‌గార్డ్ వాట్స్. అప్పటికి ఆమెకు డెబ్బై ఏళ్లు. వయసులో ఉండగా బడి పంతులమ్మ. తర్వాత మోర్టన్ ఆర్బోరేటం అనే వృక్షవనంలో ప్రకృతి పాఠాలు చెప్పింది. ఒక నేల మీద మొలిచిన మొక్కల్ని చూసి ఆ నేల కథ చెప్పడం ఆమె విద్య. ఇంగ్లండులోని కాలిబాటల్ని చూసి వచ్చిన మనిషి. ఉత్తరంలో ఆమె అడిగింది చిన్న కోరిక: రెండు కాళ్ల మీద నడిచే మనుషులం, మాకొక పొడుగాటి కాలిబాట కావాలి, ఇప్పుడు ఊరుకుంటే ఈ నేల చేజారిపోతుంది.

ఆమెకు ఆ కట్ట మీద ఇంకో ఆశ కూడా ఉంది. చుట్టుపక్కల నేలంతా ఎప్పుడో దున్నేశారు. రైలు పక్క బద్దెల్లో మాత్రం నాగలి దిగలేదు కాబట్టి అసలైన ప్రెయిరీ గడ్డి, పూలమొక్కలు అక్కడక్కడా బతికున్నాయి. ఆ దారికి ఇల్లినాయ్ ప్రెయిరీ పాత్ అనే పేరు వచ్చింది అందుకే.

ఉత్తరం చదివి కొందరు కూడారు. పెద్ద డబ్బున్నవాళ్లు కారు, పదవుల్లో ఉన్నవాళ్లూ కారు. సభల్లో మాట్లాడారు, కౌంటీ పెద్దల చుట్టూ తిరిగారు. 1965లో లాభాపేక్ష లేని సంస్థగా రిజిస్టరయ్యారు. 1966లో డుపేజ్ కౌంటీ తన అధీనంలోని కట్టను వాళ్లకు లీజుకిచ్చింది. ఇచ్చింది నేల మాత్రమే. ముళ్లపొదలు కొట్టడం, చెత్త ఎత్తడం వాలంటీర్ల వంతు. 1971లో కేంద్ర ప్రభుత్వం దాన్ని జాతీయ విహార మార్గంగా గుర్తించింది. ఇప్పుడు కొమ్మలన్నీ కలిపి సుమారు 60 మైళ్లు.

ఇంజనీరుగా నాకు తోచిన మాట ఒకటి. రైలు పట్టా తీసేస్తే పోయేది ఇనుమే. దాని అసలు విలువ తెగకుండా ఉండడంలో ఉంది. అరవై మైళ్లలో ఒక వంద గజాలు ఎవరో కట్టుకుపోతే, మిగిలినదాని విలువ సగానికి పడిపోతుంది. మళ్లీ అతికించడం దాదాపు అసాధ్యం. అందుకే అప్పుడు పదేళ్లు ఆలస్యమై ఉంటే ఎంత సొమ్ము పోసినా ఈ దారి వచ్చేది కాదు.

అభ్యంతరాలు చెప్పినవాళ్లను తీసిపారేయలేం. ఇలాంటి ప్రతి చోటా కట్ట పక్క ఇళ్లవాళ్లు, పెరట్లోకి ఎవరు తొంగి చూస్తారో అని భయపడతారు. నేల హక్కు కూడా చిన్న గొడవ కాదు. చాలాచోట్ల రైలు కంపెనీకి ఉన్నది దారి హక్కే, నేల రైతుది. బండి ఆగితే నేల వాళ్లకే పోవాలి కదా! 1983లో అమెరికా ఒక చట్టం చేసింది: ముందుముందు మళ్లీ రైలు అవసరం కావచ్చు గనుక కట్టను చెదరనీయకుండా అట్టిపెట్టి, అందాకా నడకకు వాడుకోవచ్చునని. దీని మీద కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1990లో చట్టం చెల్లుతుందని, నష్టపోయిన భూస్వాములు పరిహారం అడగవచ్చునని తీర్పు వచ్చింది. న్యాయంగా ఉన్నదనే నా అభిప్రాయం. న్యూయార్కులో అందరూ ఫోటోలు దిగే హైలైన్ ఇంకా తర్వాతి కథ. దానికోసం సంఘం పెట్టింది 1999లో, మొదటి భాగం తెరిచింది 2009లో.

ఇవన్నీ నాయనకు చెబితే ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: "ఆ ముసలామె నడిచిందా దాని మీద?" వాట్స్ 1975 దాకా బతికిందని చెప్పాను. "అయితే సరే" అన్నాడు.

ఆ ఆదివారం అరోరా బాలాజీ గుడి నుంచి తిరిగి వస్తూ కార్లో మళ్లీ ఎత్తుకున్నాడు. దిగువమెట్ట దాటాక నల్లమలలో ఉన్న పాత దారి సంగతి. 1880ల్లో మొదలైన మీటర్ గేజి లైను అది. తొంభైల్లో బ్రాడ్‌గేజి చేసినప్పుడు అడవిలో కొత్త దారి తీశారు. పాత బోగద, దొరబావి వంతెన ఉన్న పాత కట్ట పక్కకు పడిపోయాయి. నాయన ఉద్యోగం మొదలైంది ఆ అడవిలోనే. "ఒకసారి పోయి ఎట్లుందో చూసిరారా" అన్నాడు. "వచ్చే సెలవుల్లో" అన్నాను.

అది పులులు తిరిగే అడవి. చికాగో శివార్లలాగా అక్కడ కంకర పరిచి జనాన్ని నడిపించమని అడగడం తెలివితక్కువ. అటవీ శాఖ వాళ్లతో కలిసి, వాళ్లు చెప్పినంత మేరకు, చూసి వచ్చేందుకు ఒక ఏర్పాటు ఉంటే బాగుంటుందని ఒక ఉత్తరం రాయవచ్చు. అంతే నేను చేయగలిగింది. పన్నెండేళ్లలో అదీ చేయలేదు. నాయన పోయి నాలుగేళ్లయింది.

ఈ వ్యాసంతోపాటు ఆ ఉత్తరం కూడా రాశాను. స్వర్ణోత్సవాలకు వచ్చినప్పుడు స్వయంగా ఇచ్చి, అనుమతి దొరికితే ఒక పొద్దున్నే వెళ్దామని ఉంది. రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన మన బ్యాచీలవాళ్లు, ఆ లైను మీద పనిచేసిన పెద్దలు ఎవరైనా వస్తానంటే చెప్పండి. నాయన సుత్తి మా ఇంట్లోనే ఉంది. తీసుకొస్తాను.