పన్ను పీకే కాలం నుండి పన్ను నిలిపే కాలం దాకా

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు మాత్రమే కాదు. మన నోట్లో ఉన్న పంటికి కూడా ఒక చరిత్ర ఉంది. రాయవేలూరులో గానీ గుడియాత్తంలో గానీ డాక్టరు ‘రూట్ కెనాల్ చేయాలి’ అనగానే చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటే: “అబ్బో, అది భరించలేని నొప్పి. పీకించేస్తే పోతుంది కదా!” ఈ భయం మనకు ఎక్కడి నుండి వచ్చింది?

డాక్టర్ ఐడా స్కడర్ 1900లో వేలూరులో ఒకే ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టారు. కొన్నేళ్లకు ఆమె గుడియాత్తం పోయే దారిలో చెట్ల కింద ఆగి పల్లెవాళ్లకు వైద్యం చేసేవారు. జ్వరానికి, పుండుకే డాక్టరు కోసం దారి పక్కన కాచుకొని ఉండే రోజులవి. ఇక పంటికంటూ ప్రత్యేకంగా డాక్టరు ఎక్కడ దొరుకుతారు? మన దేశంలో మొదటి దంత వైద్య కళాశాలను డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో స్థాపించారు. దంత వైద్యుల చట్టం 1948లో వచ్చింది. మద్రాసులో ప్రభుత్వ దంత వైద్య కళాశాల 1953లో మొదలైంది. అంతకుముందు పల్లెల్లో పిప్పి పన్నుకు లవంగం, ఉప్పునీళ్లు, చివరికి పట్టకారు. పన్ను పోయేది, నొప్పి మాత్రం గుర్తుండిపోయేది. పెద్దల నుండి మనకు వచ్చిన భయం అదే. అది పన్ను పీకిన కాలపు భయం, రూట్ కెనాల్ భయం కాదు.

రూట్ అంటే వేరు. తమిళంలో కూడా ‘వేర్’ అనే అంటారు. పంటి వేరులో సన్నని కాలువ ఉంటుంది. అందులో నరం, రక్తనాళాలు ఉన్న మెత్తని గుజ్జు ఉంటుంది. పుచ్చు అక్కడి దాకా పోతే రాత్రంతా నిద్ర పట్టదు. ఆ గుజ్జును తీసేసి, కాలువను శుభ్రం చేసి మూసేయడమే ఈ చికిత్స. కుర్చీలో మనకు చేసే ఒక్కో పని వెనుక ఒక్కో కథ ఉంది.

మొదట ఎక్స్-రే తీస్తారు. ఈ కిరణాలను రాంట్‌జెన్ 1895లో కనుగొన్నారు. తర్వాత మత్తు సూది వేస్తారు. చురుక్కుమంటుంది, కాసేపటికి పెదవి మొద్దుబారుతుంది. ఆ మందు ఎక్కువగా లిడోకెయిన్. దాన్ని 1943లో స్వీడన్‌లో తయారుచేశారు. తర్వాత పంటి చుట్టూ పలుచని రబ్బరు షీటు కడతారు. ఎంగిలి లోపలికి పోకుండా ఈ ఉపాయం కనిపెట్టింది 1864లో అమెరికా డాక్టరు బార్నమ్. ఆ తర్వాత పంటికి చిన్న రంధ్రం చేసి, సన్నని ఫైళ్లతో కాలువను గీకి శుభ్రం చేస్తారు. 1838లో ఎడ్వర్డ్ మేనార్డ్ గడియారం స్ప్రింగుతో ఇలాంటి పనిముట్టు చేశారట! ముందు పన్నుకు సాధారణంగా ఒకే కాలువ, దవడ పన్నుకు మూడు నాలుగు ఉంటాయి. అందుకే దవడ పన్నుకు ఎక్కువ సమయం పడుతుంది. చివర్లో కాలువను గట్టా పర్చా అనే చెట్టు పాలతో చేసిన పదార్థంతో నింపుతారు. ఒకప్పుడు సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగలకు తొడుగు కూడా ఇదే.

భయపడింది మనవాళ్లే కాదు, డాక్టర్లు కూడా. 1910లో విలియం హంటర్ అనే ఇంగ్లండు వైద్యుడు, చెడిన పళ్ల నుండి ఒళ్లంతా రోగాలు వస్తాయని కెనడాలో ఉపన్యసించారు. ఆ మాట పట్టుకొని అమెరికాలో, ఇంగ్లండులో ఎన్నో ఏళ్లు పళ్లు పీకేశారు. నిలబెట్టగలిగిన పళ్లు కూడా పోయాయి. తర్వాతి పరిశోధనల్లో ఆ వాదం నిలవలేదు. భయంతో తీసిన పన్ను మాత్రం తిరిగి రాదు కదా!

ఈ చికిత్స ఒక్కరోజులో అయిపోవచ్చు, రెండు మూడు సార్లు కూడా పోవలసి రావచ్చు. మధ్యలో నొప్పి అనిపిస్తే ఊరుకోకండి, చెయ్యి ఎత్తండి, మత్తు మళ్లీ ఇస్తారు. తర్వాత కొన్ని రోజులు కొరికితే సలపరం ఉంటుంది. క్యాప్ వేసేదాకా ఆ వైపు గట్టివి నమలకూడదు, లేకపోతే పన్ను విరగొచ్చు. వాపు పెరిగినా, జ్వరం వచ్చినా వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి. పన్ను నిలువునా చీలిపోతే పీకడమే మార్గం కావచ్చు. కానీ అది డాక్టరు చూసి చెప్పాల్సిన మాట, భయం చెప్పాల్సిన మాట కాదు.

ఇంట్లో తెలుగు, ఆస్పత్రిలో తమిళం ఉన్న మన ఊళ్లలో, అవ్వకు తాతకు డాక్టరు మాట వివరించేది చాలాసార్లు మనమే, పిల్లలమే. ‘నొప్పి’ అనే ఒక్క మాట చెప్పి ఊరుకోకుండా, ఏం చేస్తారో ఎందుకు చేస్తారో వరుసగా చెబుదాం. అప్పుడు వాళ్ల పళ్లు నిలుస్తాయి.