బంతితో పరుగెత్తొద్దు: ఒక రూలు పుట్టుక

నిజామాబాద్‌లో గానీ బోధన్‌లో గానీ స్కూలు పిల్లల బాస్కెట్‌బాల్ మ్యాచ్ జరుగుతుంటే గీత బయటి నుంచి తరచూ వినిపించే కేక ఒకటుంది: ‘స్టెప్స్ సార్, స్టెప్స్!’ విజిల్ మోగితే ఒక జట్టు గోల, మోగకపోతే రెండో జట్టు గోల. అరిచేవాళ్లలో చాలామంది అడుగులు సరిగానే లెక్కపెడతారు. ఎక్కణ్నుంచి లెక్కపెట్టాలన్న దగ్గరే పొరపడతారు. అది తెలియాలంటే ఈ రూలు ఎందుకు పుట్టిందో చూడాలి.

1891 డిసెంబర్‌లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ శిక్షణ సంస్థలో 18 మంది విద్యార్థులకు చలికాలంలో నాలుగు గోడల మధ్య ఆడించే ఆట ఒకటి కావాల్సి వచ్చింది. ఆ బాధ్యత జేమ్స్ నైస్మిత్ అనే కెనడా అధ్యాపకుడి మీద పడింది. రగ్బీలో దెబ్బలు ఎందుకు తగులుతున్నాయని ఆయన ఆలోచించాడు. బంతి పట్టుకుని పరుగెత్తేవాణ్ని ఆపాలంటే మీద పడి కూలదోయక తప్పదు. పరుగే లేకపోతే కూలదోసే పనీ ఉండదు. 1892 జనవరిలో అచ్చయిన 13 రూళ్లలో మూడోది అదే: పట్టుకున్న చోటు నుంచే బంతి విసరాలి. వేగంగా వస్తూ పట్టుకున్నవాడికి మాత్రం ఆగడానికి కాస్త వెసులుబాటు. ఇవాళ రిఫరీలను ఇబ్బంది పెట్టేది ఆ ‘కాస్త’ అన్నదే.

ఆ 13 రూళ్లలో డ్రిబ్లింగ్ ఊసే లేదు. చుట్టూ ప్రత్యర్థులు మూగి పాస్‌కు దారి దొరకనప్పుడు ఆటగాళ్లు బంతిని నేలకు కొట్టి, మళ్లీ తామే అందుకోవడం మొదలుపెట్టారు. 1897 ప్రాంతంలో దాన్ని ఒక ఎత్తుగడగా వాడుకున్న జట్టుగా యేల్ విశ్వవిద్యాలయం పేరు చెబుతారు. ఆ రోజుల్లో బంతికి పైన లేసుల కుట్టు ఉండేది. అది నేలకు తగిలితే ఎటు ఎగిరేదో చెప్పలేం. అయినా ఎత్తుగడ నిలబడింది. దాంతో 1898లో దానికీ ఒక హద్దు పెట్టారు: రెండు చేతులతో బంతిని పదేపదే కొట్టకూడదు. ఒకసారి ఆపాక మళ్లీ మొదలుపెడితే డబుల్ డ్రిబుల్ అన్న నేటి నియమం ఈ వరుసలోదే. కబడ్డీ ఆడే ఊళ్లకు ఈ తర్కం కొత్తేం కాదు. కూత సాగినంతసేపే రైడర్‌కు అవతలి కోర్టులో చెల్లుబాటు. ఆపి మళ్లీ అందుకుంటానంటే ఎవరూ ఒప్పుకోరు.

1927లో అమెరికా రూల్స్ కమిటీ డ్రిబ్లింగ్‌ను ఒకే ఒక్క బౌన్స్‌కు కుదించబోయింది. ఫాగ్ అలెన్ అనే కోచ్ తోటి కోచ్‌లను కూడగట్టి ఎదురు తిరగడంతో వెనక్కి తగ్గింది. ఆ పోరాటం నుంచే అక్కడి కోచ్‌ల సంఘం పుట్టింది. 1937లో, బుట్టలో బంతి పడ్డ ప్రతిసారీ మధ్యకు వచ్చి జంప్‌బాల్ వేసే పద్ధతిని అమెరికాలో ఎత్తేశారు. పాయింటు ఇచ్చుకున్న జట్టు వెంటనే బంతి అందుకుని కోర్టు దాటాల్సి రావడంతో, బాగా డ్రిబుల్ చేసేవాడి విలువ పెరిగింది.

మన దేశంలోనూ ఈ ఆటకు బాట వేసింది వైఎంసీఏనే. హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో పెట్టిన వ్యాయామ విద్యా కళాశాల దక్షిణాదికి పీఈటీలను తయారుచేసింది. 1950లో జాతీయ సమాఖ్య ఏర్పడింది.

ఇక విజిల్ దగ్గరికి వద్దాం. అంతర్జాతీయ సమాఖ్య ఫీబా 2017లో తెచ్చిన మార్పు ప్రకారం, కదులుతున్న ఆటగాడి చేతికి బంతి చిక్కిన క్షణాన నేల మీదున్న పాదం లెక్కలోకి రాదు. ఆ తర్వాత నేలకు తాకే పాదమే మొదటి అడుగు. అలా రెండు అడుగుల దాకా వేయొచ్చు. బుట్ట దాకా దూసుకెళ్లి బంతి వేసే లేఅప్‌కు వెళ్లే కుర్రాడు ‘మూడు వేశాడు’ అనిపించేది ఇందుకే.

నిలబడి ఉన్నవాడి సంగతి వేరు. ఒక కాలు పాతుకుని రెండో కాలు ఎటైనా తిప్పొచ్చు, పాతుకున్నదే పివట్. షాట్‌కో పాస్‌కో ఆ కాలు ఎత్తొచ్చు, కానీ అది నేలకు దిగేలోపు బంతి చేయి దాటాలి. అదే డ్రిబుల్ మొదలుపెట్టాలంటే, కాలు లేవకముందే బంతి చేయి వదలాలి. అంటే కాలు లేవడం ఒకటే అయినా, తర్వాత బంతి ఏమైందన్నదాన్ని బట్టి తీర్పు మారుతుంది. బంతి పట్టుకుని జారిపడ్డవాడు నేల మీద జారితే తప్పు లేదు. బంతి చేతిలో ఉండగానే లేచి నిలబడితే ట్రావెలింగ్, అంటే గీత బయట ‘స్టెప్స్’ అని అరిచే తప్పే.

శిక్ష మాత్రం చిన్నదే. రిఫరీ రెండు పిడికిళ్లు ఒకదాని చుట్టూ ఒకటి తిప్పి చూపిస్తాడు, బంతి అవతలి జట్టుకు పోతుంది. ఫౌల్ లెక్కలో చేరదు. అయినా మంచి రిఫరీలు బంతి మీద నుంచి చూపు దించి ముందు పివట్ పాదాన్ని గుర్తుపెట్టుకుంటారు. అది ఏ కాలో తేల్చుకోలేనప్పుడు, బయట ఎంత గోలైనా విజిల్ ఊదరు.