ఓడలను నిలిపిన దీవి

సూర్యాపేట, కోదాడల మీదుగా బందరునకు పోవు బాట మనకెల్లరకు తెలిసినదే. మిర్యాలగూడవారికిని సముద్రమన్న ముందుగా తలపునకు వచ్చునది ఆ రేవే. నేడు నేను చెప్పబోవు సముద్రము మాత్రము మిక్కిలి దూరపుది.

ఫిజీ దేశమున సువా పట్టణమునకు వెలుపల, సముద్రమందు, నుకులౌ అను చిన్న దీవి కలదు. పడవలో పోయి, త్రోవచూపువాని వెంట దానిని చుట్టివచ్చితిని. ఇసుక, కొబ్బరిచెట్లు, చూచుటకు విహారస్థలమే. కాని ఓడలలో వచ్చిన భారతీయ కూలీలను తోటలకు పంపక మునుపు నిలిపి ఉంచినది ఇచటనే.

ఇట్లు నిలుపుట ప్రాచీనమైన యుక్తి. 1377లో రగూసా నగరమువారు, రోగము గల చోటులనుండి వచ్చినవారిని ముప్పది దినములు వెలుపల ఉంచిరి. పిదప అది నలువది యయ్యెను. ‘క్వారంటీను’ అను మాటకు మూలము వెనీసువారి భాషలోని ఆ నలువదియే. మహామారి నాడు ఊరు విడిచి చేలలో గుడిసెలు వేసికొన్న మన పెద్దలకును, 2020లో పొలిమేరలందు ముండ్లకంప అడ్డము వేసిన మన పల్లెలకును ఇది తెలియనిదా?

ఫిజీవారు దీనిని గొప్ప వెల యిచ్చి నేర్చిరి. 1875 జనవరిలో వారి రాజగు థాకొంబౌ, సిడ్నీనుండి ‘డైడో’ అను ఆంగ్ల యుద్ధనౌకపై కుమారులతో తిరిగివచ్చెను. వారికి తట్టు సోకియుండెను. ఓడను ఎవరును ఆపలేదు. రాజదర్శనమునకు వచ్చిన నాయకులు ఆ రోగమును తమ తమ గ్రామములకు కొనిపోయిరి. కొలది నెలలలో సుమారు 40,000 మంది మరణించిరి. దేశమందలి జనులలో నాలుగవ వంతునకు తక్కువ కాదు. మన యిండ్లలో పిల్లలకు వచ్చు తట్టు, ఎన్నడును దాని నెరుగని జాతికి ప్రళయమైనది.

నాలుగేండ్లకు, 1879 మే 14న, ‘లియోనిడాసు’ అను ఓడ కలకత్తానుండి తొలి భారతీయ కూలీలతో లెవూకా రేవు చేరెను. అందు గత్తరయు మశూచియు ఉండెను. ఈసారి అధికారులు మేల్కొనియుండిరి. ప్రయాణికులను యానూకా లైలాయి అను దీవిలో ఉంచిరి. తరువాతి ఓడలకు నుకులౌ స్థానమైనది.

1903 నుండి చెన్నపట్టణపు ఓడలును రాసాగెను. వానిలో మన తెలుగువారు ఉండిరి. వైద్యపరీక్ష నుకులౌలోనే, ఎవరు ఏ తోటకు పోవలెనో ఆ పంపకమును అచటనే. 1893లో వచ్చిన తోతారాము సనాఢ్యుడు, దిగినంతనే పోలీసువారు తమ్ము చుట్టుముట్టిరని తన గ్రంథమున వ్రాసియున్నాడు. రోగమునకు కాపలా ఇట్లుండునా? ఆ దీవి దేశవాసులను కాచినమాట నిజమే. కాని ఐదేండ్ల ఒడంబడికకు కట్టుబడిన కూలీకి చుట్టునున్న నీరే గోడ యైనదని నాకు తోచెను.

1916తో ఆ ఓడల రాక నిలిచెను. దీవినుండి పెద్ద ద్వీపపు ఒడ్డు కానవచ్చుచునే యుండును. చెన్నపట్టణమున ఓడ యెక్కిన తెలుగువాడు, తాను చెరకు నరుకవలసిన నేలను ఇచటినుండియే చూచుచు కూర్చుండెను.