పసిగుడ్డుకు వెచ్చదనం

నాగోల్‌లో ఇంటి కాన్పుల కాలంలో బాలింత మంచం కింద కుంపటి పెట్టేవాళ్లని మా నాయనమ్మ చెప్పేది. పుట్టిన బిడ్డ ఒంటి తడి ఆరుతూ వేడిని లాక్కుపోతుంది. ఆ వేడిని నిలిపేందుకు 1880ల్లో పారిస్ వైద్యుడు తార్నియే, బిడ్డను వెచ్చగా ఉంచే పెట్టె ఇంక్యుబేటర్‌ను తెచ్చాడు. 1958లో అమెరికాలో సిల్వర్‌మన్ బృందం, ఇంక్యుబేటర్ వేడి కొద్ది డిగ్రీలు పెంచితే నెలలు నిండని బిడ్డలు ఎక్కువమంది బతుకుతారని నిరూపించింది.

అయితే బిడ్డ నరానికి సూది గుచ్చాలన్నా, గొంతులో గొట్టం వేయాలన్నా ఆ మూసిన పెట్టెలో చేతులు సరిగా ఆడవు. అందుకే పైనుంచి వేడినిచ్చే రేడియంట్ వార్మర్ వచ్చింది. నర్సుగా నేను మొదట వార్మర్ వేసి, గుడ్డలు వెచ్చబెట్టి, తర్వాతే బిడ్డను పడుకోబెడతాను. వెచ్చదనం కూడా వైద్యమే.