ధిక్కారమునకు మన సీమ చెప్పిన యర్థము

మన సంఘ మహాసభలలో పెద్దలు యువకులను మందలించునప్పుడు ధిక్కారమను మాట తఱచుగా వినబడును. కట్టుబాటును మీఱిన ప్రతివాడును ధిక్కారియే యని వారి తలంపు. బందరు, గుడివాడ, దివిసీమలవారమైన మనకు ఈ మాట యర్థమును వెదకుకొనుటకు దూరము పోనక్కఱలేదు.

సముద్రపు టొడ్డున పల్లపు నేలలలో వేసవికాలమున ఉప్పు తనంతట తానే తెల్లగా పేరుకొనును. 1882 నాటి ఉప్పు చట్టము ననుసరించి దానిని చేతితో నెత్తుటయు నేరమే. 1930 నాటికి 82 పౌనుల మణుగునకు 1 రూపాయి 4 అణాల పన్ను. ఎవరును ఎత్తుకొనిపోకుండ సర్కారు నౌకరులు ఆ యుప్పును మట్టిలో కలిపి పాడుచేయుటయు గలదు. ఇట్టి తీరమున బీదవారు చీకటిమాటున పిడికెడు కొంగున గట్టుకొని పోయియుందు రనుటలో నాకు సందేహము లేదు. పట్టుబడినవాడు కాళ్లు పట్టుకొనును, పట్టుబడనివాడు ఇంటికి బోయి కూర వండించుకొనును. చట్టమునకు వీరివలన వచ్చిన లోటేమియు లేదు. దొంగ చట్టమును తప్పించుకొనునే గాని కాదనడు.

1930 మార్చి 2వ తేదీన మహాత్మా గాంధి రాజప్రతినిధికి ముందుగా లేఖ వ్రాసి తెలిపి, 12వ తేదీన సబర్మతి నుండి బయలుదేఱి, ఏప్రిల్ 6న దండి తీరమున ఉప్పు నెత్తెను. 1907 నుండి ముట్నూరి కృష్ణారావుగారు నడపిన కృష్ణాపత్రికయు, 1910లో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాలయు బందరు జనులను ఇట్టి కార్యమునకు సిద్ధపఱచియే యుండెను. డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మొదలగువారు చేరువనున్న చిన్నాపురమున ఉప్పు చట్టము నతిక్రమించి చెఱసాలకేగిరి. ఉప్పు నెత్తుట పాతపనియే. రాత్రి చేయుపని పగలు చేయుటయే క్రొత్త. చేయబోవునది ముందుగా చెప్పుట, చేసి నిలుచుట, శిక్షను తప్పించుకొనకుండుట, ఈ మూడును గూడినప్పుడే దానికి ధిక్కారమను పేరు తగును.

ఆ మే నెలలో కోనేరు కూడలియందు తోట నరసయ్యనాయుడుగారు మువ్వన్నెల జెండా నెత్తబూనగా పోలీసులు లాఠీలతో మోదిరి. స్మృతి తప్పి పడునంతవఱకు ఆయన జెండా విడువలేదు, కొట్టినవారిపై చేయి యెత్తలేదు. ఆ జెండాకు రూపము దిద్దిన పింగళి వెంకయ్యగారును బందరు ప్రాంతమందలి భట్లపెనుమఱ్ఱువారే. 1931 మార్చి 5 నాటి గాంధీ ఇర్విను ఒడంబడికవలన తీరవాసులకు ఇంటివాడుకకై ఉప్పు తీసికొను స్వేచ్ఛ లభించెను. పన్ను 1947లో పోయెను.

ఇట్టి వీరులను "మావారు" అని చెప్పుకొనుట కులసంచికల కెల్ల వాడుకయే. నేనును ఆ యుబలాటమున కతీతుడను గాను. కాని సర్కారు నెదిరించినవానిని పొగడుట సులభము, ఆ సర్కారిప్పుడు లేదు గదా! కులము నెదిరించినవాని మాట యేమి?

గోపరాజు రామచంద్రరావుగారు, గోరా యని ప్రసిద్ధులు, బ్రాహ్మణ కుటుంబమున జనించి, జందెము విడిచినందులకు వెలివేయబడిరి. బందరు హిందూ కళాశాలలో వృక్షశాస్త్రము బోధించుచు నాస్తికత్వమును బహిరంగముగా చెప్పినందున ఆ యుద్యోగమును పోయెను. అంతట ఉయ్యూరు చెంతనున్న ముదునూరు గ్రామస్థులు ఆయనను పిలుచుకొనిరి. 1940లో నచ్చట నాస్తిక కేంద్రమును నెలకొల్పి, అస్పృశ్యులనబడినవారితో ఒక పంక్తిని గూర్చుండి భుజించిరి. ఆయన మతవిశ్వాసము నాకు సమ్మతము గాదు. దేవుని నమ్మువాడను నేను. అయినను వెలివేసిన పెద్దల పేరులు నేడెవరికిని తెలియవు, గోరాగారి పేరు మన సీమలో తెలియనివారు లేరు. తన విశ్వాసమును దాచుకొనియుండిన నాయనకు కులమును దక్కెడిది, జీతమును దక్కెడిది.

మన సంఘ నిబంధనలలో వెలి యను పదము లేదు, సంతోషమే. కాని కులాంతర వివాహము చేసికొన్నవారి యింటికి శుభలేఖలు పంపకుండుట నేనెఱుగుదును. వారు రాత్రివేళ పాఱిపోయినవారు గారు, ముందుగా పెద్దలకు చెప్పి పగటివేళ చేసికొన్నవారు.

1930 అక్టోబరులో ఉప్పు సత్యాగ్రహపు రోజులలో గోరా దంపతులకు కుమారుడు కలుగగా, ఆ జ్ఞాపకార్థమై లవణమని పేరిడిరి. ఆ లవణముగారే 1960లో మహాకవి గుఱ్ఱం జాషువాగారి కుమార్తె హేమలతగారిని పెండ్లాడిరి.