మార్షాంద్ ద మోద్‌కు తెలుగు తర్జుమా ఏది?

ఫ్రాన్సు రాణి మేరీ ఆంటోనెట్ పోషాకుల ముచ్చట ఎక్కడ వచ్చినా రోజ్ బెర్తాన్ పేరు కూడా వస్తుంది. ఆ పేరు పక్కన ఈ జమానా వాళ్ళు తగిలించే మాట ఒకటే: ఫ్యాషన్ డిజైనర్. లోకంలో మొట్టమొదటి ఫ్యాషన్ డిజైనర్ అని కూడా కొందరు ఆమెకు కితాబు ఇచ్చేస్తారు. బెర్తాన్ బతికున్న రోజుల్లో ఆమెను ఎవరూ అలా పిలవలేదు. ఆమె హోదా పేరు 'మార్షాంద్ ద మోద్'.

ఆ కాలం మీద వచ్చిన చరిత్ర పుస్తకం ఒకదాన్ని నా దోస్తు తెలుగులోకి తెస్తున్నాడు. "భాయ్, ఈ మాట దగ్గర బండి ఆగిపోయింది. మీ ఉర్దూలో ఏమన్నా ఉంటే చూడు" అన్నాడు. మాటకు మాట పెట్టేస్తే రెండు నిమిషాల పని. మార్షాంద్ అంటే అమ్మే ఆడమనిషి. మోద్ అంటే ఫ్యాషన్. కలిపితే 'ఫ్యాషన్లు అమ్మే ఆమె'. మాట వచ్చింది గానీ మతలబు రాలేదు. ఫ్యాషన్‌ని ఎలా అమ్ముతారు? తూకం వేసా, గజాల లెక్కనా?

దీనికి జవాబు డిక్షనరీలో లేదు, పారిస్ బజారు కానూనులో ఉంది. అప్పటి పారిస్‌లో ఎవరికి ఏ పని వస్తే ఆ పని చేసుకుంటామంటే కుదిరేది కాదు. ప్రతి కసబుకూ (వృత్తికీ) ఒక సంఘం, దానికి రాజు ఇచ్చిన పట్టా, పక్క సంఘం వాళ్ళు గీత దాటితే జరిమానా. చాలా కాలం ఆడవాళ్ళ బట్టలు కుట్టే హక్కు కూడా కాగితం మీద మగ దర్జీలదే. ఆడవాళ్ళు కుట్టేవాళ్ళు, కానీ చాటుగా. 1675లో పద్నాలుగో లూయీ వాళ్ళకు 'కుతూరియేర్' అనే పేరుతో వేరే సంఘం ఇచ్చాడు. అప్పుడు కూడా పూర్తిగా కాదు. తిమింగలం నోటి ఈనెలు పెట్టి నడుము బిగించే గట్టి బాడీ, దర్బారు గౌను వెనక నేల మీద ఈడ్చుకుంటూ వచ్చే కొంగు దర్జీల చేతిలోనే ఉండిపోయాయి.

మూడో పక్షం 'మెర్సియే'లు. వీళ్ళు పెద్ద సౌదాగర్లు. పట్టు, జరీ, లేసు, రిబ్బను, గుండీలు, అద్దాలు, చీనా నుంచి వచ్చిన పింగాణీ, ఏదైనా అమ్మవచ్చు. ఏదీ తయారు చేయకూడదు. అన్నీ అమ్ముతారు, ఏమీ చేయరు అని పారిస్‌లో వీళ్ళ మీద ఒక ఎత్తిపొడుపు కూడా ఉండేది. అయితే కానూనులో వీళ్ళకొక చిన్న కిటికీ ఉంది. అమ్మే సరుకును ముస్తాబు చేసి అమ్మవచ్చు. కొత్త వస్తువు చేయకూడదు గానీ, ఉన్న వస్తువుకు అందం తేవచ్చు.

మార్షాంద్ ద మోద్ ఆ కిటికీ గుండానే వచ్చింది. మొదట్లో వీళ్ళు ఎక్కువగా మెర్సియేల భార్యలు, లేదా మెర్సియే సంఘం నీడలో పని చేసే ఆడవాళ్ళు. ఒక గౌను తయారయ్యే తరీఖా చూడండి. బట్ట ఒక దుకాణంలో కొంటారు. కత్తిరించి కుట్టేది కుతూరియేర్ లేదా దర్జీ. ఆ తర్వాత అది మార్షాంద్ ద మోద్ చేతికి వస్తుంది. లేసు, రిబ్బన్లు, పల్చటి గాజ్ బట్ట, కుచ్చులు, ఈకలు, గుడ్డతో చేసిన పూలు ఎక్కడ ఏది ఉండాలో ఆమె తేలుస్తుంది. తల మీది బోనెట్లు, భుజాల మీది చిన్న కేప్‌లు కూడా ఆమె పనే. బట్ట బజాజ్‌ది, కుట్టు దర్జీది, ముస్తాబు ఆమెది. గౌను కోత ఏళ్ళ తరబడి పెద్దగా మారేది కాదు. మారేదల్లా పైన ఉన్నదే. అందుకే ఫ్యాషన్ అనేది ఆమె చేతిలోకి వెళ్ళిపోయింది. గార్సో అనే ఆయన 1769లో దర్జీ పని మీద ఒక పెద్ద పుస్తకం రాశాడు. అందులో దర్జీ, కుతూరియేర్, మార్షాంద్ ద మోద్ ముగ్గురికీ వేర్వేరు భాగాలున్నాయి. ముగ్గురూ ఒకటి కాదని అప్పటివాళ్ళకు అంత సాఫుగా తెలుసు.

మరి మనం అందరినీ కలిపి 'ఫ్యాషన్ డిజైనర్' అనేస్తే ఏం పోతుందంటారా? ఆమెకు ఏ పని మనా చేశారో, ఆ సంగతే పోతుంది. గౌను కత్తిరించే హక్కు లేని మనిషి రాణిగారి గౌను ఎలా ఉండాలో చెప్పే స్థాయికి వచ్చింది. అసలు కిస్సా అదే. డిజైనర్ అన్న మాట ఆమెను పైకెత్తినట్టు కనబడుతూనే, ఆమె దాటిన గోడను పేజీ మీంచి చెరిపేస్తుంది.

రోజ్ బెర్తాన్ 1747లో ఉత్తర ఫ్రాన్సులోని అబ్బెవిల్‌లో పుట్టింది. మామూలు ఇంటి పిల్ల. పారిస్ వచ్చి దుకాణంలో పని నేర్చుకుని, 1770ల్లో ర్యూ సెంతొనొరే వీధిలో సొంత దుకాణం నడిపింది. దాని బోర్డు మీద పేరు ఏమిటో తెలుసా? 'ఓ గ్రాఁ మొగోల్'. అంటే మహా మొగలు, మన దిల్లీ బాద్షా! ఆ రోజుల్లో తఖ్తు మీద ఉన్నది షా ఆలం. 1772 దాకా ఆయన సొంత రాజధానికి కూడా వెళ్ళలేకపోయాడు, వెళ్ళాక కూడా ఆయన హుకుం దిల్లీ దాటి ఎంత దూరం నడిచిందో చెప్పనక్కర్లేదు. కానీ పారిస్‌లో మొగలు అన్న పేరు చాలు, షాన్ అనే మాటకు బోర్డు కట్టినట్టే.

మన వైపు బట్టకు కూడా అక్కడ పాత పేరుంది. గోల్కొండ సుల్తాను ఫర్మానా తీసుకుని ఫ్రెంచి కంపెనీ 1669లోనే మచిలీపట్నంలో కోఠీ పెట్టింది. అక్కడ ఫ్రెంచిపేట పేరు ఇప్పటికీ ఉంది. మన కలంకారీ లాంటి అద్దకం బట్టలను వాళ్ళు 'ఆంద్యెన్' అనేవారు, అంటే హిందుస్తానీవి అని. వాటి మీద మోజు ఎంత ముదిరిందంటే, సొంత పట్టు, ఉన్ని నేతగాళ్ళు మునిగిపోతున్నారని 1686లో ప్రభుత్వం వాటిని మనా చేసింది. ఆ నిషేధం 1759 దాకా నడిచింది. బెర్తాన్‌కు అప్పుడు పన్నెండేళ్ళు. సరుకు దొంగచాటుగా వస్తూనే ఉన్న దేశంలో ఆమె పెరిగింది.

మళ్ళీ మన మాటకు వద్దాం. ఉర్దూలో వెతికితే అభ్యర్థులు చాలామందే వచ్చారు. దర్జీ ముందే పోయాడు, కానూనే అడ్డం. బజాజ్ బట్టల వ్యాపారి, గజం పట్టుకుని కొలిచేవాడు, అతనూ కాడు. బిసాతీ కొంచెం దగ్గర. నేల మీద బిసాత్ పరిచి సూదులు, దారాలు, రిబ్బన్లు, దువ్వెనలు అమ్మేవాణ్ణి బిసాతీ అనేవాళ్ళు. సరుకు కలిసింది, హోదా కలవలేదు. బిసాతీ రాణిగారి గదిలోకి వెళ్ళడు.

తర్వాత మష్షాతా. పెళ్ళికూతురిని ముస్తాబు చేసే ఆడమనిషి. చాలా అందమైన మాట, ఆడవాళ్ళ మాట. కానీ మష్షాతా చేతులు మనిషి మీద పని చేస్తాయి, జుట్టు దువ్వుతాయి, కాటుక దిద్దుతాయి. బెర్తాన్ చేతులు బట్ట మీద పని చేస్తాయి. రాణిగారి జుట్టు సంగతి చూసుకోవడానికి లెయొనార్ అనే మంగలి వేరే ఉన్నాడు. పైగా మష్షాతా పోను పోను పెళ్ళి సంబంధాలు కుదిర్చే ఆమెగా మారిపోయింది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువసేపు ఆపిన మాట ముగ్లానీ. మా దాదీ నోట విన్నదే. నవాబుల దేవిడీల్లో, జనానాలో కూర్చుని బేగంల కోసం కుట్టుపని చేసే ఆడమనిషి ముగ్లానీ. గోటా కుట్టడం, కినారీ వేయడం, జోడాలు తయారు చేయడం ఆమె పని. మగ దర్జీ అడుగుపెట్టలేని చోట సూది ఆమె చేతిలోనే ఉండేది. మొగలు బోర్డు కింద కూర్చున్న పారిస్ ఆమెకు ముగ్లానీ అన్న పేరు! దోస్తుకు చెబితే ఎగిరి గంతేశాడు. నేనే వద్దన్నాను. ముగ్లానీ జీతగత్తె, ఒక ఇంటి మనిషి. బెర్తాన్ ఎవరి ఇంటి మనిషీ కాదు. రాణి దుస్తుల వ్యవహారం చూసే దర్బారు హోదా వేరే ఉంది, 'దామ్ దతూర్'. ఆ పదవి గొప్ప ఖాన్‌దాను ఆడవాళ్ళది. దానికి తర్జుమా సులువే, తోషాఖానా దరోగా అనవచ్చు. 1782లో రాణిగారి గౌన్ల గుడ్డముక్కలు అంటించిన ఆ శాఖ రిజిస్టరు ఒకటి ఫ్రాన్సు జాతీయ దస్తావేజుల్లో ఈ రోజుకీ భద్రంగా ఉంది. బెర్తాన్ ఆ శాఖలో మనిషి కాదు. 1774 నుంచి బజారులోంచి వచ్చి, రాణితో నేరుగా మాట్లాడి, బజారుకు తిరిగి వెళ్ళేది. దర్బారు వాళ్ళకు మంటెక్కింది అందుకే. ఎగతాళికి 'ఫ్యాషన్ల వజీరు' అని పేరు పెట్టారు. ఆమెను ముగ్లానీ అంటే మనం కూడా ఆమె చేతికి జీతం ఇచ్చి లోపల కూర్చోబెట్టినట్టే.

ఇక 'మోద్'. ఉర్దూలో వజా అంటే తీరు, ధోరణి. దాని నుంచి వజాదారీ పుట్టింది. వజాదార్ అంటే రోజుకో వేషం వేసేవాడు కాదు, ఒకసారి పట్టిన తీరును చచ్చేదాకా వదలనివాడు. అది ఫ్యాషన్‌కు పూర్తిగా ఉల్టా! రివాజు కూడా పనికిరాదు, అది పాతదాన్ని నిలిపేది. చలన్ కొంచెం నయం, కానీ చలన్‌ని దుకాణంలో పెట్టి అమ్మలేరు.

ఇక్కడ ఒక బారీక్ సంగతి ఉంది. ఫ్రెంచిలో 'మోద్' ఏకవచనంలో ఉంటే ఫ్యాషన్ అనే ఊహ. ఈ హోదాలో ఉన్నది బహువచనం. అప్పుడది ఊహ కాదు, వస్తువు. లేసులు, రిబ్బన్లు, ఈకలు, అన్నీ కలిపి 'మోద్'. మన దగ్గర అచ్చం ఇలా నడిచే మాట ఒకటి ఉంది, అది ఉర్దూలో కాదు, తెలుగులోనే దొరికింది. షోకు. పుట్టుక అరబీ శౌఖ్, అక్కడ దానికి అర్థం తపన, కోరిక. ఉర్దూ మీదుగా తెలుగుకొచ్చి బట్టలు కట్టుకుని అద్దం ముందు నిలబడింది. షోకు అంటే ఊహ, షోకులు అంటే ఒంటి మీద కనబడేవి. "ఏమిటే ఆ షోకులు" అన్నప్పుడు ఎవరూ సిద్ధాంతం గురించి అడగరు కదా! అందులో ఉన్న చిన్న వెక్కిరింపు కూడా నాకు పనికొచ్చింది. పారిస్‌లో ఈ ఆడవాళ్ళ గురించి రాసినవాళ్ళు అదే గొంతుతో రాశారు.

'షోకుల సౌదాగరు' అందామా అంటే చెవికి బాగుంది, కానీ మగవాడు కళ్ళముందుకొస్తాడు. మార్షాంద్ అన్నది స్త్రీలింగం, దాన్ని పోగొట్టడానికి వీల్లేదు. ఈ విషయంలో తెలుగు దగ్గర మంచి పనిముట్టు ఉంది, చివర 'రాలు' పెడితే చాలు. షోకుల వర్తకురాలు. మొదటిసారి వచ్చినచోట ఫ్రెంచి పేరు తెలుగు లిపిలో రాసి, పక్కన ఒక్క వాక్యంలో కానూను సంగతి చెప్పి, తర్వాత నుంచి ఇదే వాడమన్నాను. దోస్తు 'మ్యాచింగ్ సెంటర్ ఆవిడ' అందాం అని హాస్యమాడాడు. లేసులు, బోర్డర్లు, ఫాల్స్ అమ్మే మన వీధి దుకాణాలు చూస్తే అది అంత తప్పు పోలికేం కాదు. పుస్తకంలో పెట్టలేం అంతే.

1776 దగ్గర మాత్రం మాట మార్చాలి. ఆ ఏడాది మొదట్లో మంత్రి త్యుర్గో ఈ సంఘాలన్నిటినీ రద్దు చేయించాడు. మే నెలలో ఆయన పదవే పోయింది. ఆగస్టులో సంఘాలు కొత్త రూపంలో తిరిగొచ్చాయి. అప్పుడు ఈ ఆడవాళ్ళకు మెర్సియేల నీడ నుంచి విడుదల దొరికింది. ఈకల పనివాళ్ళు, గుడ్డపూల పనివాళ్ళతో కలిపి సొంత సంఘం వచ్చింది, దానికి మొదటి పెద్ద రోజ్ బెర్తాన్. ఆ సంఘం పేరులో మార్షాంద్‌కు ముందు ఇంకో మాట చేరింది, 'ఫెజ్యూజ్'. అంటే చేసేవాళ్ళు. అంతకుముందు కానూను ప్రకారం వాళ్ళు అమ్మేవాళ్ళు మాత్రమే. ఇప్పుడు చేసి అమ్మేవాళ్ళు. ఆ ఒక్క మాట కోసం ఎన్నేళ్ళు పట్టిందో చూస్తే, తర్జుమాలో దాన్ని మింగేయడం నాకు జుల్మ్ అనిపిస్తుంది. 'షోకులు చేసి అమ్మే స్త్రీల సంఘం' అని పొడుగ్గానే రాయమన్నాను.

ఆ పొడుగు మాటకు ఆయుష్షు పదిహేనేళ్ళే. 1791లో విప్లవం సంఘాలన్నిటినీ ఎత్తేసింది. 19వ శతాబ్దం అధ్యాయాల్లో 'మోదిస్త్' అనే మాట కనబడుతుంది, అదే కుటుంబం పిల్ల, కానీ పని టోపీల దాకా కుంచించుకుపోయింది. అక్కడ 'టోపీలు చేసే ఆమె' చాలు. 1858లో వర్త్ అనే ఇంగ్లీషు మగవాడు పారిస్‌లో దుకాణం తెరిచాక బట్ట, కోత, ముస్తాబు మూడూ ఒకే కప్పు కిందికి వచ్చాయి, 'కుతూరియే' అని పుల్లింగంలో పెద్ద హోదా స్థిరపడింది. డిజైనర్ అనే మాట వాడాలంటే ఆ అధ్యాయం నుంచి వాడుకోమన్నాను. మన ఊళ్ళలో కత్తెర పట్టినవాడు మాస్టరు. కాజాలు, హెమ్మింగులు ఇంటికి తెచ్చుకుని లెక్కకింతని కుట్టే ఆడవాళ్ళకు ఇప్పటికీ ఒక పేరంటూ లేదు.

బెర్తాన్ విప్లవం రోజుల్లో లండన్ వెళ్ళి, కొన్నాళ్ళకు తిరిగొచ్చి, 1813లో చనిపోయింది. ఆమె దగ్గర షోకులు కొన్న దొరసానుల్లో చాలామంది డబ్బు కట్టలేదు, కొందరు దేశం విడిచిపోయారు, కొందరి తలలే పోయాయి. ఆ లెక్కల పుస్తకాల వెంట ఆమె తర్వాతి వాళ్ళు కూడా తిరిగారు. దోస్తు ఆ పేరా నన్ను అడగకుండానే పూర్తి చేసుకున్నాడు. బాకీ, బకాయి, వసూలు, వారసులు, దావా, అన్నీ ఎప్పటినుంచో తెలుగే కదా.