కాండీలో ఒక రోజు, దారిలో రాయవేలూరు

ఈసారి రాసేది మా ఇంటి చరిత్ర కాదు, మా ఇంట్లో గొప్పగా చెప్పుకునే చరిత్ర. “సింహళాన్ని ఆఖర్న ఏలింది మనోళ్ళే” అని ఒకసారైనా అనకుండా మా పెద్దనాయన ఏ పెళ్ళిలోనూ విస్తరి ముందు నుంచి లేవడు. అందులో నిజం ఎంతో చూద్దామని పోయిన ఏడాది పద్నాలుగు మందిమి శ్రీలంకకు పోయినాం. కోలారు వైపు వాళ్ళం తొమ్మిది మంది, మదురై వైపు చుట్టాలు ఐదుగురు. అందులో కాండీలో గడిపిన రోజు ఇది.

తెల్లవారి ఐదున్నర పూజకే దళదా మాళిగావ చేరినాం. బుద్ధుని దంతధాతువు ఉన్న గుడి. తప్పెట్ల మోత, పళ్ళెం నిండా కలువపూలు, తెల్లబట్టల్లో జనం. బయట నాథ, విష్ణు, కతరగామ, పత్తిని దేవాలయాలు దగ్గర దగ్గరగానే ఉన్నాయి. కతరగామ దేవుడంటే మన సుబ్రహ్మణ్యస్వామే. పత్తిని అంటే కణ్ణగి. “మా ఊరిని తగలబెట్టిన తల్లికి ఇంత మర్యాదా!” అని మదురై అత్త నవ్వింది, నవ్వుతూనే దండం పెట్టుకుంది. బోర్డుల మీద సింహళ అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. కన్నడ మీడియంలో చదివి, తెలుగు రాత ఇంట్లో నేర్చుకున్న మాకు రెండూ కలిపి రాసినట్టు కనబడినాయి గానీ ఒక్క అక్షరమూ చదవలేకపోయినాం.

అసలు సంగతి ఇది. 17వ శతాబ్దం నుంచే కాండీ రాజులు మదురై నుంచి పిల్లను తెచ్చుకునేవాళ్ళు. 1739లో నరేంద్రసింహుడు పట్టమహిషికి సంతానం లేకుండానే చనిపోయాడు. గద్దె ఆమె తమ్ముడికి, అంటే రాజుగారి బావమరిదికి పోయింది. ఆయనే శ్రీ విజయ రాజసింహుడు. ఆయన తర్వాత 1747లో వచ్చిన కీర్తి శ్రీ రాజసింహుడూ బావమరిదే. చరిత్ర పుస్తకాల్లో ఇది పెద్ద చిక్కుముడిలాగా ఉంటుంది గానీ మేనరికాల ఇళ్ళలో పెరిగిన మాకు వెంటనే అర్థమైపోయింది. మదురైలో నాయకుల రాజ్యం 1736లో ముగిసింది, మూడేళ్ళకే కాండీలో ఈ నాయక్కర్ల పాలన మొదలైంది. నలుగురు రాజులు, 1815 దాకా.

మూలం తెలుగే. కానీ ఆ దర్బారులో నడిచింది తమిళమూ సింహళమూ. ఇంగ్లీషువాళ్ళ కాగితాల్లో వీళ్ళ పేరు “మలబారు జాతి”. తెలుగు అన్న మాటే ఎక్కడా లేదు. మేలు చేయలేదా అంటే, చేసినారు. లంకలో భిక్షువులకు ఉపసంపద ఇచ్చే పరంపర తెగిపోతే, 1753లో సయాం నుంచి ఉపాలి థేరను రప్పించి నిలబెట్టింది కీర్తి శ్రీ. అయినా 1760లో ఆయన మీద కుట్ర చేసినవాళ్ళలో భిక్షువులు కూడా ఉన్నారు. పరాయివాడు పరాయివాడే అనిపించిందేమో.

గుడి ముందరి చెరువు, ఎనిమిది మూలల పత్తిరిప్పువ, రెండూ ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడి కాలానివి. ఆయన అసలు పేరు కన్నస్వామి. చెరువు గట్టు మీద పెద్దనాయన ఛాతీ విరుచుకుని ఫోటో దిగినాడు. అప్పుడే మా గైడు, సింహళీయుడే అయినా తమిళం బాగా వచ్చినవాడు, ఎహెలెపొల కథ చెప్పినాడు. 1814లో ఎహెలెపొల అనే మంత్రి రాజు మీద తిరగబడి ఇంగ్లీషువాళ్ళ వైపు పోయాడు. రాజు ఆయన భార్యను, పిల్లలను పట్టి చంపించాడు. పెద్దకొడుకు భయపడి తల్లి వెనక దాక్కుంటే, చిన్నవాడు ముందుకొచ్చి మెడ చూపించినాడట. తల్లిని బోగంబర చెరువులో ముంచి చంపినారు. ఇది అక్కడ చిన్నపిల్లలకూ తెలిసిన కథ. “మనోళ్ళే” అన్న మాట తర్వాత ఆ పూట ఎవరి నోటా రాలేదు.

మగుల్ మడువ, అంటే చెక్క స్తంభాల దర్బారు మంటపం, దాంట్లో చాలాసేపు కూర్చున్నాం. 1815 మార్చి 2న ఒప్పందం జరిగింది ఇక్కడే. రాజును దించేశారు, మలబారు జాతికి కాండీ మీద ఏ హక్కూ లేదన్నారు. రాజు చుట్టాలైన మగవాళ్ళు అనుమతి లేకుండా అడుగుపెడితే శత్రువులే. కానీ మూడేళ్ళు తిరక్కముందే, 1817–18 తిరుగుబాటులో ఒకడు రాజు చుట్టం దొరైస్వామిని అని చెప్పుకుంటే జనం వాని వెనక నడిచినారు. అంత పరాయి అయితే ఆ పేరు ఎందుకు పనికొచ్చింది? టెస్టింగు పనిలో మాకు అలవాటైన ఇబ్బందే ఇది, రెండు ఫలితాలూ కరెక్టే, రెండూ ఒకదానికొకటి పొసగవు. ఎహెలెపొల మాత్రం బాగుపడలేదు. ఇంగ్లీషువాళ్ళే ఆయన్ను మారిషస్‌కు పంపితే 1829లో అక్కడే పోయాడు.

మధ్యాహ్నం పేరాదెనియ తోట, తర్వాత హంతాన టీ మ్యూజియం. పిల్లలకు ఇవే నచ్చినాయి. జేమ్స్ టేలర్ 1867లో 19 ఎకరాల్లో టీ వేశాడని అక్కడ చెప్పినారు. మంచి టీ తాగినాం.

రాత్రి అన్నం తినేటప్పుడు గైడు మామూలుగా ఒక మాట అన్నాడు. “మీ తెలుగు ఇక్కడ ఇప్పటికీ ఉంది కదా.” అహికుంటికులు. పాములాడించేవాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు చెయ్యి చూసి జోస్యం చెప్పేవాళ్ళు. అనురాధపురం జిల్లా కుడగామ, అంపార జిల్లా అలిగంబె లాంటి ఊళ్ళలో ఉంటున్నారు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా యాత్ర పట్టీలో ఆ ఊళ్ళు లేవు. పట్టీ రాసింది మేమే. మర్నాడు పోదామా అని మదురై అత్త అడిగింది, టికెట్లు అడ్డమొచ్చినాయి.

చెన్నైలో దిగి కోలారుకు వచ్చే దారిలో రాయవేలూరులో ఆగినాం. ఆ రాజును ఖైదు చేసి తెచ్చింది ఇక్కడికే, 1832 జనవరి 30న పోయింది ఇక్కడే. పాలారు ఒడ్డున ముత్తు మండపంలో సమాధి ఉంది. ఆ రోడ్డు మీద ఎన్నిసార్లు తిరిగినామో లెక్కలేదు, ఒక్కసారీ ఆగలేదు. పెద్దనాయన ఫోటో వద్దన్నాడు. చెప్పులు విడిచి కాసేపు నిలబడి, కారెక్కినాక మాత్రం అడిగినాడు: “ఆ కుడగామకు ఏ వైపు నుంచి పోవాలంట?”